నిద్రపోయిన గుర్రం

టైలరమ్మ మొగుడు టీవీలో పనిచేశాడన్నది అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం పిల్లల కార్యక్రమంలో, అదీ లైవులో, టీవీ ఉన్న ప్రతి ఇంటికీ కనిపించాడు. కాకపోతే గుర్రంగా కనిపించాడు. గుర్రంలోనూ వెనక సగంగా.

ఆ గుర్రం తోలులో ఇద్దరు మనుషులుండేవారు. ముందాయన నిటారుగా నిలబడి తల ఆడించేవాడు, తాడు లాగి కళ్ళు ఆర్పించేవాడు, పళ్ళికిలింపజేసేవాడు. ఈయన నడుం వంచి, ముందాయన బెల్టు పట్టుకుని, చీకట్లో చెమటలు కక్కుతూ అడుగులో అడుగు వేసేవాడు. ముందాయన చెయ్యి వెనక్కి పెట్టి ఒకసారి తడితే నడక, రెండుసార్లు తడితే గంతు. వాళ్ళ మధ్య భాష అంతే. ఇంట్లోనూ ఆయన తీరు అదే. తలూపుతాడు తప్ప నోరు విప్పడు.

ఆ లోటు టైలరమ్మ తీర్చేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి టేపు చుట్టేలోపే మా ఆయన టీవీలో చేసేవారని చెప్పేసేది. ఏం వేషం అనడిగితే గుర్రం అనేది. ఏ సగమో ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. కుట్టుపనిలో అతుకును లోపలివైపు ఉంచడం తప్పెలా అవుతుంది?

ఆ అతుకుని పనిగట్టుకుని బయటికి తిప్పి చూపించేవాడు ఆవిడ తమ్ముడు. మందుల షాపు బాగా నడిచి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక వాడికి నోటి దురుసు కూడా పెరిగింది. "టీవీలో మా బావ ముఖం తప్ప అన్నీ చూపించారు" అని నలుగురిలో అనేవాడు. అందరూ నవ్వేవారు. బావ కూడా మర్యాదకి నవ్వేవాడు. ఆ మర్యాద నవ్వు చూస్తే టైలరమ్మకి ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం తమ్ముడింటికి కొత్త వియ్యంకులు వచ్చారు. అక్కనీ బావనీ కూడా భోజనానికి పిలిచాడు. తిన్నాక అందరూ ముందుగదిలో చేరి, తమ్ముడు ఫోనుని గోడంత టీవీకి కలిపి పెడుతున్న పాత వీడియోలు చూస్తూ కూర్చున్నారు. ఎవరో పుణ్యాత్ములు టేపులన్నీ దులిపి నెట్‌లో పెట్టారు. ఆనాటి సబ్బు ప్రకటన వస్తే వియ్యపురాలు పాటంతా తప్పు లేకుండా పాడేసింది. వార్తలు చదివినావిడ జడ చూసి, అలాంటి జడ కోసం తను మూడేళ్ళు జుట్టు పెంచానని చెప్పింది. వియ్యంకుడు పెద్ద అధికారి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన కూడా ముందుకి జరిగి కూర్చుని, స్కూల్లో ఏ కార్యక్రమం కోసం ఎలా దొంగ కడుపునొప్పి తెచ్చుకున్నాడో చెప్తున్నాడు.

"అయితే ఇది చూడండి బావగారూ" అన్నాడు తమ్ముడు వియ్యంకుడితో. "ఈ వారమంతా జనం దీన్నే చూస్తున్నారు. నిద్రపోయిన గుర్రం. అందులో మా అక్క మొగుడున్నాడు. ఎక్కడున్నాడో మీరే కనిపెట్టాలి."

తెరమీద గుర్రం పాటకి గంతులేస్తోంది. ఉన్నట్టుండి ఆగింది. తల వాలింది. నాలుగడుగులు వెనక్కి వేసి, అక్కడున్న బల్ల మీద మనిషిలా కూలబడి, వెనక కాలు ఊపుకుంటూ కునికిపాట్లు పడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. కార్యక్రమం నడిపే ఆవిడ నవ్వాగక మైకు పక్కకి తిప్పేసుకుంది. పాట అయిపోవస్తుంటే గుర్రం తూలుతూ లేచి, తెర వెనక్కి వెళ్ళిపోయింది.

వియ్యంకుడు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది నేను ఆ రోజే చూశానండీ. మా నాన్న నవ్వగా చూసింది ఆ ఒక్కసారే."

వీడియో కింద జనం రాసినవి తమ్ముడు చదివాడు. "ముందున్నాయన మామూలు నటుడు కాదు. ఆ తల వాల్చడం చూడండి." తర్వాత బావవైపు తిరిగాడు. "విన్నావా బావా? మార్కులన్నీ ముందాయనకే. వెనక నువ్వు ఊరికే నిలబడ్డావు కదా."

అందరూ నవ్వారు. ఆయన కూడా ఎప్పటిలాగే నవ్వాడు.

"మళ్ళీ పెట్టు" అంది టైలరమ్మ.

ఆవిడా ఆ రోజు దీన్ని చూసింది, కూతుర్ని భుజాన వేసుకుని జోకొడుతూ, చిన్న టీవీలో. ఇప్పుడు అందరూ గుర్రం తల చూస్తుంటే ఆవిడ కాళ్ళు చూసింది. గుర్రం తోలు చిరిగితే మోకాళ్ళ దగ్గర అతుకులు వేసింది తనే. ముందు గిట్టలు నేలకి ఆనడం లేదు. కొసలు కిందికి వేలాడుతూ ఊగుతున్నాయి. భుజాన నిద్రపోయిన పిల్ల కాళ్ళు అచ్చం అలాగే వేలాడతాయి.

"ఏవండీ, ముందాయన కాళ్ళకేమైంది?"

"ఏమవుతుంది? నాటకం."

"మీరు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి."

ఆయన చెవి తడుముకున్నాడు. "అది నేను చెప్పాల్సింది కాదే. వాడికి మాటిచ్చాను."

"అయితే ఆయన్నే అడుగుతా" అని ఫోను తీసింది. ఆయన లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. తమ్ముడు ఒళ్ళో చేతులు పెట్టుకుని వేడుక చూస్తున్నాడు. ఇందులో ఏమీ లేదని తేలితే వాడు కొత్త వియ్యంకుల ముందు ఎంత ఆటపట్టిస్తాడో టైలరమ్మకి తెలుసు. అయినా నొక్కింది. ఆవిడకి చెవులు మందం, స్పీకరు పెడితేగానీ వినపడదు.

"అన్నయ్యా, నిద్రపోయిన గుర్రం చూస్తున్నాం. మీ కాళ్ళు నేలకెందుకు ఆనలేదు?"

"వాడు చెప్పలేదామ్మా?"

"లేదు."

"ఇన్నేళ్ళూనా?" అన్నాడు ముందాయన. "ఆ రోజు నాకు జ్వరం, చెల్లెమ్మా. పాట మధ్యలో కళ్ళు తిరిగాయి. అంతే నాకు తెలిసింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి తెర వెనక ఉన్నాను, వీడు మొహాన నీళ్ళు కొడుతున్నాడు. నన్ను బెల్టు పట్టి ఎత్తిందీ, బల్ల దాకా మోసిందీ, మెడ కింద భుజం పెట్టి తల ఊపిందీ, అంతమందిని నవ్వించిందీ వాడే. వంగినవాడు వంగినట్టే, ఏమీ కనపడకుండా."

ఆ వారమంతా మొగుడు నడుం పట్టేసి మంచం దిగలేదు. బస్సులో కుదుపన్నాడు. తను నూనె రాస్తూ డ్రైవర్ని తిట్టింది. అది గుర్తొచ్చి టైలరమ్మకి కళ్ళు చెమర్చాయి. మొగుణ్ణి చూసి ఇంత గర్వం ఆవిడ జన్మలో ఎరగదు.

"పడిపోయానని తెలిస్తే నన్ను తీసేస్తారు, ఎవరికీ చెప్పకురా అని కాళ్ళావేళ్ళా పడ్డాను" అన్నాడు ముందాయన. "తర్వాత నేనే ఆ పని మానేశాను. హోటలు పెట్టాను, అదీ కొడుక్కిచ్చేశాను. ఆ కార్యక్రమం లేదు, ఆ స్టూడియో లేదు. వీడింకా నా ఉద్యోగం కాపాడుతున్నాడా?"

టైలరమ్మ తమ్ముడివైపు చూసింది. వాడు నేల చూస్తున్నాడు. వియ్యంకుడు మాత్రం లేచి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"చెప్పొచ్చని నువ్వెప్పుడూ అనలేదు కదరా" అన్నాడు టైలరమ్మ మొగుడు, ఫోనుకి దగ్గరగా వంగి.

అటునుంచి ముందాయన నవ్వాడు. "ఇంక దించరా నన్ను. చాలా దూరం మోశావు."

"సరే" అన్నాడు ఆయన.