మధ్యలో ఎవరూ మాట్లాడని రేడియో

పిల్లలూ, ఆ కుర్చీలు ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. ఈ నది గాలికి నా మాట అటే కొట్టుకుపోతుంది. ఆ ఒడ్డున ఇనుప చట్రం నిలబడి ఉంది చూశారా, రాకెట్‌ని ఆనించి పెట్టేది? దాన్ని చూసినప్పుడల్లా మా కోరిన్ పలికిన మాటొకటి నాకు గుర్తొస్తుంది. ఆ మాట టీవీలో ఒక్కరికీ వినబడలేదు. మా పెరట్లో మాత్రం వినబడింది.

కోరిన్ మా పెద్దవాడి కూతురు. చిన్నప్పుడు దానికి నత్తి. మాట పెదవులదాకా వచ్చి ఆగిపోయేది. అది ఆగీ ఆగకముందే ఎదుటివాళ్లు ఆ మాట వాళ్లే అనేసేవారు. రొట్టె అడగబోతే "పాలా తల్లీ?" అని గ్లాసు చేతిలో పెట్టేవారు. పిచ్చిది, పాలు తాగేసి ఊరుకునేది. నేను మాత్రం పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, దాని మాట అది అనేదాకా నిలబడేదాన్ని. ఆ మాడిన కూరలు ఇంటిల్లిపాదీ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

అది పెద్దదైంది, చదువుకుంది, ఆ ఒడ్డునే ఉద్యోగంలో చేరింది. ఒకరోజు ఫోన్ చేసింది. ఈసారి రాకెట్ వదిలే గదిలో తనకూ ఒక కుర్చీ ఇచ్చారట. వదలబోయే ముందు వాళ్ల పెద్దాయన ఒక్కొక్క విభాగాన్నీ పేరు పెట్టి పిలుస్తాడట. "ఇంధనం" అని పిలిచినప్పుడు ఇది పలకాలి. అంతా బాగుంటే "గో", బాగాలేకపోతే "నో గో". అంతే.

"నువ్వు వింటావా, నానమ్మా?" అంది.

"వినకుండా ఎక్కడికి పోతానే," అన్నాను.

అన్నానే గానీ, ఎక్కడ వినాలి? ఆ రోజుల్లో రాకెట్ లేస్తుందంటే టీవీ వాళ్లంతా మా ఊరు టైటస్‌విల్ వచ్చి ఒడ్డునే మకాం పెట్టేవారు. తెల్లటి పళ్లాయన ఒకడు మైకు పట్టుకుని, రాకెట్ ఎన్ని బస్సుల పొడుగో, ఎన్ని ఏనుగుల బరువో చెబుతూనే ఉండేవాడు. అది లేచాక కూడా ఆపేవాడు కాదు. ఎంత పెద్ద చప్పుడో వినండి అని చెబుతూ ఆ చప్పుడు విననిచ్చేవాడు కాదు. చానల్ మారిస్తే ఇంకో ఆయన. ఇంకోటి మారిస్తే కారు టైర్ల ప్రకటన. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, స్కూలు మీటింగులు చూపించే చానల్లో బొమ్మ నేరుగా వస్తుందమ్మా అన్నారు. పెట్టి చూశాను. వచ్చింది, నిజమే. అక్కడా ఒక మర్యాదస్తుడు గొంతు తగ్గించి అన్నీ వివరిస్తున్నాడు.

చివరికి దొరికింది పక్కింట్లోనే. విల్మర్ అని, మంగలి షాపు నడిపి మానేసినవాడు. రేడియో పిచ్చి. వాళ్ల రేడియో సంఘం ఆ గదిలో మాటల్ని ఉన్నవి ఉన్నట్టు పంచుతుందట, పైన ఒక్క ముక్క కలపకుండా. మొగుడి పోరు పడలేక వాళ్లావిడ ఆ రేడియో డబ్బాలన్నీ గరాజులోకి తోసింది. "నన్ను ముందే అడగాల్సింది కదక్కా," అన్నాడు. రేడియోలో ఎవరూ మధ్యలో మాట్లాడరు, నిజమే. విల్మర్ మాట్లాడతాడు. అదీ చిక్కు.

కోరిన్ వంతు రాకముందే వేరే రాకెట్ ఒకటి లేచింది. దాంతో సరిచూసుకుందామని రేడియో మా పెరట్లో పెట్టించాను. గొంతులు పక్కనే ఉన్నంత స్పష్టంగా వచ్చాయి. ఇంతలో అక్కడ, రాకెట్ లేచేదాకా వెనక్కి లెక్కపెట్టే గడియారం ఆపారు. లేవడానికి ముందు తనిఖీల కోసం కావాలనే కాసేపు ఆపుతారులెండి, ఇక్కడ పుట్టిన పిల్లలకి కూడా తెలుసది. మా ఊళ్లో గడియారం ఆగిందంటే వడ్డనే. ఏ పెరట్లో చూసినా అంతే. మావాళ్లూ లేచారు. గరిటెలు, మూతలు, పొగబెట్టిన చేప ఎవరికి, మొక్కజొన్న రొట్టె ఎవరికి. విల్మర్ ఒక పక్క గడియారం ఎందుకాపుతారో చెబుతున్నాడు. కూర్చునేసరికి గడియారం మళ్లీ నడుస్తోంది.

"పేర్లు ఎప్పుడు పిలుస్తారు?" అన్నాను.

"అయిపోయిందిగా అక్కా. గడియారం ఆపేది అందుకేగా," అన్నాడు విల్మర్, నోట్లో చేపతో.

చూడండి మరి. టీవీ వాళ్లని అంతగా తిట్టుకున్నాం. ఇన్నేళ్లూ సరిగ్గా ఆ పేర్లు పిలిచే వేళకే మా ఊరు ఊరంతా గరిటెలు మోగిస్తోంది.

కోరిన్ రోజు వచ్చింది. ముందే అందరికీ పెట్టేశాను. గడియారం ఆగాక గరిటె ముట్టుకున్నవాళ్లకి ఇక జన్మలో నా రొట్టె లేదన్నాను. విల్మర్ ఒళ్లో ఉడకబెట్టిన వేరుశెనక్కాయల గిన్నె పెట్టాను.

"ఇన్ని నేనేం తింటానక్కా?"

"నోరు ఖాళీ అవకుండా చూసుకో, చాలు."

టీవీ గొంతు నొక్కేసి బొమ్మ మాత్రం ఉంచాం. గడియారం ఆగింది. పెద్దాయన పేర్లు పిలవడం మొదలెట్టాడు. గో అన్నారొకరు. గో అన్నారు ఇంకొకరు.

"ఇంధనం?"

ఏమీ లేదు. రేడియోలో సన్నటి గరగర, అంతే. టీవీలో పళ్లాయన నోరు ఆడుతూనే ఉంది. మా పెరట్లో ప్రతివాళ్ల పెదవులూ గుండ్రంగా తిరిగాయి, ఆ మాట వాళ్లే అందించేట్టు. విల్మర్ తొక్క ఊసి "గో అనమ్మా" అనబోయాడు. వాడి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాను. మళ్లీ కూర మాడుతున్న వాసన వచ్చినట్టే ఉంది నాకు. కదల్లేదు.

"ఇంధనం. నో గో," అంది మా కోరిన్. తొట్రుపాటు లేదు, వణుకు లేదు.

"అర్థమైంది. ఆపేస్తున్నాం," అన్నాడు పెద్దాయన.

పెరట్లో అందరూ ఉసూరుమన్నారు. టీవీ గొంతు పెంచితే, ఏదో సాంకేతిక కారణమట అంటున్నాడు పళ్లాయన. తర్వాత టైర్ల ప్రకటన వచ్చింది.

సాయంత్రం కోరిన్ వచ్చింది. వేయించిన రొయ్యలు మూతపెట్టి ఉంచాను, కూర్చుని తిన్నది. ఇంధనం గొట్టానికి ఉండే మూత ఒకటి సరిగా బిగుసుకోవడం లేదని మీటరు ముల్లు చూపించిందట.

"విన్నావా నానమ్మా?"

"విన్నాను. ముందు నువ్వు ఆగడం కూడా విన్నాను."

"అది నత్తి కాదు," అంది చటుక్కున. "ముల్లుని ఇంకోసారి చూసుకున్నాను."

"నీ నత్తి నాకు తెలియదటే? మాట తడుముకుంటుంటే నీ ఊపిరి వేరుగా ఉంటుంది. ఇవాళ లేదు."

అది నవ్వింది. ఇంకో రెండు రొయ్యలు వేసుకుంది. వారం తిరక్కుండా ఆ మూత మార్చి మళ్లీ పిలిచారు, "గో" అంది, రాకెట్ మా కప్పు అదిరేలా లేచింది. గిన్నెలన్నీ గలగలమన్నాయి, ఎవరూ ముట్టుకోకుండానే.

ఇది గుర్తుపెట్టుకోండి పిల్లలూ, మీ వాళ్లకీ చెప్పండి. చెప్పేటప్పుడు "ఇంధనం?" అన్నాక కాసేపు ఆగండి. ఎవరైనా మాట అందించబోతే మోకాలి మీద చెయ్యి వేయండి. కోరిన్ మాట కోరిన్ నోటితో వచ్చాకే మిగతాది చెప్పండి.