నీళ్లు దిగిన ఫొటో

అమీర్‌పేటలో సుష్మిత స్టూడియో తెరిచేది పొద్దున తొమ్మిదింటికి. అప్పటికే పాస్‌పోర్టు ఫొటోల కోసం కోచింగ్ పిల్లలు నలుగురైదుగురు మెట్ల మీద నిలబడి ఉంటారు. ఆమె ఫొటోలు తీస్తుంది, వెనక గదిలో నర్సింహులు ప్రింట్లు వేస్తాడు. సముద్రం పక్క ఎక్కడైనా తుఫాను తాకిందంటే మాత్రం స్టూడియో అతనికి అప్పజెప్పి, కెమెరా సంచీతో బస్సెక్కేస్తుంది.

అలా తెచ్చిన ఫొటోలు పెద్దవిగా వేసి లోపలి గోడకు తగిలిస్తారు. వాటిలోని వరద నీళ్లు రోజూ కొంచెం కొంచెం దిగుతూ, కింద పెట్టిన రేకు తొట్టిలోకి కారుతుంటాయి. ఊళ్లో వారానికే తగ్గిపోయిన నీళ్లు ఫొటోలో దిగడానికి ఒక్కోసారి నెల పడుతుంది. నర్సింహులు పొద్దున్నే తొట్టి తీసుకెళ్లి మోరీలో పారబోసి వస్తాడు.

"జర మెట్లు కడుగు భాయ్, ఉప్పు పేరుకుంటది. పోరగాళ్లు జారి పడ్తరు" అంటాడు పక్క జిరాక్స్ షాపాయన. అంతకు మించి ఎవరూ ఏమీ అనరు.

అక్టోబరు తుఫాను తర్వాత సుష్మిత చింతలమొగ అనే ఊరి ఫొటో తెచ్చింది. బురద రంగు నీళ్లు, కొబ్బరి తలలు, ఒక ఇంటి కొప్పు. అంతే.

దాన్ని తగిలించిన నాలుగో రోజున వరలక్ష్మి వచ్చింది. దగ్గర్లోని లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. గుర్తింపు కార్డు ఫొటో దిగడానికి వచ్చి, లోపలి గోడ చూసి, స్టూలు మీంచి లేచిపోయింది.

"ఆ కొప్పు మాదేనండి" అంది. "మా ఆయన వీర్రాజు ఇంకా దొరకలేదండి."

మర్నాటి నుంచి టిఫిన్ల పని అయిపోగానే వచ్చేది. ఫొటో ముందు కూర్చునేది. వారం తర్వాత చెప్పింది.

"ముందురోజు ఫోన్ చేశాడండి. అందర్నీ తుఫాను షెల్టర్‌కి తీసుకెళ్తున్నారు, నన్నూ వెళ్లమంటావా అనడిగాడు. ఇల్లొదిలి కదలొద్దన్నాను. రెండేళ్లు ఇక్కడ పొయ్యి ముందు నిలబడి కొన్న సామానండి అదంతా. ఎవడైనా ఎత్తుకుపోతాడని భయం." కొంగుతో నోరు నొక్కుకుంది. "నా కొడుకుని నీళ్లకి కాపలా పెట్టావు, ఈ ఊళ్లో అడుగు పెట్టకు అంది మా అత్త. తప్పేమందండి?"

ఆ ఫొటో తీసిన రోజు సుష్మితకు బాగా గుర్తు. పడవ ఆ ఇంటి ముందు ఆగినప్పుడు గెడకర్ర అడుగున మెత్తగా దేనికో తగిలింది. పడవాయన వంగి చూసి, బురదేలెండి అన్నాడు. ఆమె ఫొటోకి సరైన వెలుతురు కోసం చూస్తోంది. కర్ర ఇంకోసారి దింపమని అడగలేదు. ఇప్పుడు తొట్టిలో చుక్క పడ్డప్పుడల్లా ఆ మెత్తదనం తన అరచేతికే తగిలినట్టు ఉలిక్కిపడుతోంది.

నీళ్లు చూరు కిందికి దిగాయి, కిటికీ కిందికి దిగాయి. కిటికీలోంచి చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. తలుపు గొళ్లెం బయటపడ్డ రోజు వరలక్ష్మి కళ్లు మూసుకుని కూర్చుంది.

"అక్కా, ఓసారి చూడు" అన్నాడు నర్సింహులు మెల్లగా. "గొళ్లానికి తాళం ఉంది. బయటికెల్లి వేసిండు."

వరలక్ష్మి ఫొటోకి ముక్కు ఆనించి మరీ చూసింది.

"నా మాట వినలేదండి" అంది. "పెళ్లైన పదకొండేళ్లకి మొదటిసారి నా మాట వినలేదు." నవ్వబోయి, గోడకు చేరబడి ఏడ్చింది.

అప్పుడు సుష్మిత గెడకర్ర సంగతి చెప్పేసింది. "వరలక్ష్మిగారూ, నేను ఆయన మీదుగా వెళ్లానేమో. ఇంకో రెండు రోజులు రాకండి. ముందు నేను చూస్తాను."

వరలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీరొక్కరే ఎలా చూస్తారండి?" అంది.

మూడో రోజు పొద్దున నేల కనిపించింది. ఫొటోలో బాగా ముందు వైపు, పక్కింటి కంచెకీ పశువుల గుంజకీ నడుమ, బురదలోంచి గళ్ల చొక్కా చెయ్యి ఒకటి. గుంజకున్న పలుపు సగంలో తెగి ఉంది. పిడికిట్లో కొడవలి పిడి.

"పక్కింటి పార్వతమ్మ గారి ఆవు" అంది వరలక్ష్మి. "షెల్టర్‌కి వెళ్తూ దాన్ని విప్పడం మర్చిపోయుంటారు. మర్నాడు అదొక్కటే ఊరవతల గట్టు మీద మేస్తూ కనబడిందంట." ఫోన్ తీసి అత్తకి చేసింది. "అత్తయ్యా, కంచెకీ గుంజకీ మధ్య తవ్వించండి. ఇప్పుడు అక్కడ మట్టి మేట వేసుంటుంది."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. బయట ఎవరో ఫొటోల కోసం పిలిస్తే నర్సింహులు వెళ్లి తర్వాత రమ్మన్నాడు. గంటన్నరకి ఫోన్ మోగింది. వెనక జనం, పారల చప్పుడు. వాటి మధ్య అత్త గొంతు.

"వరం" అంది. ఆ పేరుతో పిలిచి ఎన్నాళ్లయిందో. "నువ్వొచ్చేదాకా ఎత్తనివ్వను. బయల్దేరు."

మధ్యాహ్నం పంజాగుట్టలో కాకినాడ బస్సెక్కింది వరలక్ష్మి. పక్క సీట్లో సుష్మిత కూర్చుంది. ఆమె ఒళ్లో కెమెరా సంచీ లేదు. ఊరు వచ్చేదాకా వరలక్ష్మి చేతిని పట్టుకునే ఉంది.