సాంబ్రాణి వేసినవాడు

కొండాపూర్ పక్క పల్లెలో రాజవ్వ తన మొగుడు అంజయ్యతో మాట్లాడి నెలలు గడిచాయి. పోచమ్మ జాతరలో డప్పు కొట్టకపోతే కౌలు చేను లాక్కుంటానని పటేలు బెదిరించాడు. క్రీస్తును నమ్ముకున్నాక డప్పు ముట్టనన్న అంజయ్య ఆ రోజు వెళ్లి కొట్టాడు. అప్పటి నుంచి ప్రార్థనకు రావడమూ మానేశాడు. రాజవ్వ అన్నం పెడుతుంది, మాట మాత్రం కలపదు.

ఆ ఏడు సంగారెడ్డి డేరా టాకీసుకు ఒక ఇంగ్లీషు బొమ్మ వచ్చింది. పూర్వం రోములో క్రీస్తును నమ్మినవాళ్ల కథ. సంఘమంతా చూడాలని చర్చి అయ్యగారు చెప్పారు. పొద్దున్నుంచీ జొన్నచేలో కలుపు తీసిన రాజవ్వ, పక్కింటి సత్తెమ్మతో బండెక్కింది. డేరాలో నేల మీద కూర్చోగానే కళ్లు మూతలు పడసాగాయి.

తెర పక్కన టాకీసు మనిషి రహమాన్ నిలబడి రేకు గొట్టంలోంచి జనానికి తెలుగులో కథ చెబుతున్నాడు. రోజూ అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది.

"సూడుండ్రి! రాజు బొమ్మ ముందట చిటికెడు సాంబ్రాణి ఏస్తే ఇడుస్తరు. ఎయ్యకుంటే సింహాలకే!"

ఒక ముసలమ్మ వేయనంది. పాట పాడుతూ సింహాలున్న ఇసుక బరిలోకి నడిచింది. సత్తెమ్మ ఏడ్చింది. ముసలమ్మ వెనకే వచ్చిన మనిషి సాంబ్రాణి నిప్పుల్లో వేసి, తలవంచుకుని వెళ్లిపోయాడు.

"థూ, పిరికోడు!" అని జనం నవ్వారు.

రహమాన్ గొట్టం దించాడు. "నవ్వకుండ్రి భయ్. ఇంటికాడ పిల్లలున్నరేమో," అన్నాడు.

అది బొమ్మలోని మాట కాదని రాజవ్వకు తెలిసింది. ఆ మనిషి మళ్లీ కనబడతాడేమోనని చివరిదాకా చూసింది. రాలేదు.

ఆ రాత్రి సత్తెమ్మ చెల్లెలింట్లో పడుకుని, తెల్లారి ఊరు చేరారు. అంజయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"కాళ్లు గుంజుతున్నయ్. జెర నీళ్లియ్యి," అంది రాజవ్వ.

అతను ఉలిక్కిపడి లేచి చెంబు తెచ్చాడు. ఆమె తాగి, సాంబ్రాణి వేసినవాడి సంగతి చెప్పింది.

"తర్వాత ఏమయిండు?"

"సూపియ్యలే. ఇంటికే పోయుంటడు."

అంజయ్య ఖాళీ చెంబు అందుకున్నాడు. "ఆదివారం నన్ను రానిస్తరంటవా?"

"నాకేం తెలుసు," అంది రాజవ్వ, గోడకు చేరబడి కళ్లు మూసుకుంటూ. "పోయి అడుగుదాం. నేనొస్త నీ ఎంబడి."