ఇత్తడి గద్ద చేతిలో శనివారాలు

ఎనిమిది వందల ఏళ్లనాటి చర్చి చూద్దామని సందుల్లాంటి రోడ్ల మీద నలభై మైళ్లు, రెండుసార్లు ట్రాక్టరుకి దారిచ్చి మరీ వస్తే తలుపుకి తాళం! దాని మీద ఓ చీటీ. "తాళంచెవి పంపు వీధిలో మిసెస్ థ్రోవర్ దగ్గర." ఆ పంపు వీధి ఎక్కడుందో రాయలేదు. ఊళ్లోవాళ్లకి తెలుసు కదా అనుకున్నారు కాబోలు. ఊళ్లోవాళ్లు ఆ చీటీ ఎందుకు చదువుతారో ఎవరికీ తోచలేదు.

విల్‌ఫ్రెడ్ కారువైపు భయంగా చూశాడు. లోపల భార్య హేజెల్ ఫ్లాస్కు మూత కసిగా బిగిస్తోంది.

"ఏమయ్యా, ఇదే ఆఖరు. జిల్లాలో చర్చిలన్నీ అయిపోయాయి. వచ్చే వారం నుంచి శనివారాలన్నీ నావి. సముద్రం, చేపల వేపుడు, కూర్చోడానికో కుర్చీ. మళ్లీ గోడలు చూడమంటే ఊరుకోను."

"మాటిచ్చాగా! లోపల గోడమీద సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ ఒక్కటి చూసి వచ్చేస్తా. పది నిమిషాలు."

నలుగురిని అడిగి పట్టుకున్న మిసెస్ థ్రోవర్‌కి ఎనభై దాటాయి. సుత్తంత తాళంచెవి బల్ల మీదే ఉంది. దాని మీద ఆవిడ చెయ్యి ఉంది.

"కూర్చో నాయనా, టీ తాగు."

వద్దండీ అనాలనుకుని, "మీకెందుకండీ శ్రమ" అని కూర్చున్నాడు.

మూడో కప్పుతో పాటు కేకు రెండో ముక్కా, ఓ నోటుపుస్తకమూ వచ్చాయి.

"చర్చిలో రెక్కల మీద బైబిలు పెట్టుకుని చదివే ఇత్తడి గద్ద పీట ఉంది. దాన్ని తోమే ఆయన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నీ చేతులు బలంగానే ఉన్నాయి. వారం విడిచి వారం, శనివారం. పేరు రాయి."

విల్‌ఫ్రెడ్‌కి అంతా స్పష్టంగానే అర్థమైంది. కుదరదు అనే మాట నాలుక దాకా వచ్చింది. అక్కడ కేకు ఉంది. "చాలా సంతోషమండీ" అన్నాడు. పెన్ను తెచ్చుకోనందుకు క్షమాపణ చెప్పి, ఆవిడ పెన్నుతోనే పేరు రాశాడు.

తీరా చూస్తే, బాల ఏసుని భుజాన మోస్తూ ఏరు దాటాల్సిన సెయింట్ క్రిస్టఫర్ ఒక పిక్కా, కాళ్ల దగ్గర రెండు చేపలూ మేరకే మిగిలాడు. తక్కినదంతా సున్నం. ఆ పిక్క ముందు నిలబడి, హేజెల్‌కి ఎలా చెప్పాలా అని విల్‌ఫ్రెడ్ ఆలోచిస్తుండగానే ఆవిడే వచ్చేసింది. మిసెస్ థ్రోవర్ అప్పటికే చర్చి వసారాలో బోర్డుకి కొత్త జాబితా గుచ్చేసింది మరి.

"దాంట్లో నీ పేరుందేం?"

"అదీ... ఆవిడ కేకు పెట్టింది."

"కేకు పెడితే నా శనివారాలు రాసిచ్చేస్తావా? కుదరదు అని ఒక్క ముక్క అనడానికి నోరు రాలేదూ? ఉండు, ఎలా చెప్పాలో నేను చూపిస్తా."

హేజెల్ విసవిసా వసారాలోకి నడిచింది. మిసెస్ థ్రోవర్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వూ వచ్చావా తల్లీ! మిగతా శనివారాలకి పూలు సర్దేవాళ్లు లేక చస్తున్నాం."

హేజెల్ నోరు తెరిచింది.

"అయ్యో, దాందేముందండీ!" అంది.

ఇప్పటికి పదకొండు శనివారాలు. గద్ద అద్దంలా మెరుస్తోంది. నిన్న మిసెస్ థ్రోవర్ ఉత్తరం రాసింది, క్రిస్మస్ కొవ్వొత్తుల సంగతి కూడా మీరే చూసుకుంటారు కదూ అని. భార్యాభర్తలు రాత్రి దాకా కూర్చుని రాసిన జవాబు "మీ ఉత్తరం అంది ఎంతో సంతోషించాం" దగ్గరే ఆగిపోయింది. బాబ్బాబు, చదువుతున్న మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆ తర్వాతి వాక్యం ఎలా రాయాలి? శనివారంలోగా చెబితే మీకు పుణ్యముంటుంది.