అద్దం మెరుగు

మా రేవులో బోటెక్కే మనిషి తన మొదటి కత్తిని తాను కొనుక్కోకూడదు. ఇంట్లో ఆడవాళ్ళు చేయించి చేతికివ్వాలి. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో తెలియదు. నాకు మా అత్తగారు చెప్పింది, ఆవిడకు వాళ్ళత్తగారు చెప్పిందట. మా అబ్బాయి కెల్విన్‌కు నేనే చేయించాను. ఇప్పుడు కెల్విన్ కూతురు బ్రిడీ వంతు వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. మౌంట్ గాంబియర్ పట్నంలో బట్టల దుకాణంలో నీడపట్టున ఉద్యోగం చేసుకునేదల్లా, ఆగస్టులో పెట్టె సర్దుకుని వచ్చేసింది. "ఈ సీజను నుంచి నాన్న బోటు మీద నేనే పని చేస్తా" అని కూర్చుంది. కెల్విన్ మురిసిపోయాడు. నేను ఆ రోజు వంటింట్లో మూడు కప్పుల టీ పోసి మూడూ తాగడం మర్చిపోయాను.

లెన్ సంగతి ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచుకునే ఓపిక నాకు లేదు. లెన్ నా భర్త, బ్రిడీకి తాత. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట, అక్టోబరులో సీజను మొదలైన రెండో రోజున, రాతిరొయ్యలు పట్టే బోనులు నీళ్ళలోకి తోస్తూ తోస్తూ తాడు చుట్టలో కాలు పెట్టాడు. బోను నీళ్ళలోకి, బోను వెంట తాడు, తాడు వెంట మనిషి. అంతే కథ. అప్పటినుంచి సెప్టెంబరు నెల వచ్చిందంటే నాకు ఒకచోట కాలు నిలవదు. గిన్నెలు కడిగినవే కడుగుతాను. గేటు దాకా వెళ్ళి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వస్తాను.

కత్తులు చేసేవాడు ఎర్విన్. రేవు వెనక సున్నపురాయి గోడల షెడ్డు వాడిది. ఒకప్పుడు లెన్ బోటు మీద పనిచేశాడు, లెన్ పోయిన రోజు కూడా బోటు మీదే ఉన్నాడు. మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. మడత కత్తులు చెయ్యడు. "విప్పే లోపల పీత కూడా పారిపోతుంది" అంటాడు. మడత లేనివే చేస్తాడు, అదీ మనిషిని చూసి, చెయ్యి కొలిచి.

సెప్టెంబరు మొదటి వారంలో బ్రిడీని వెంటబెట్టుకుని వెళ్ళాను. గోడకు ఒక చెక్క కొట్టి, దాని మీద అయిదు ఉక్కు ముక్కలు నమూనాకు వరసగా బిగించి పెట్టాడు. ఒకటి అద్దం మెరుగు. ఒకటి సన్నగీతలు గీసిన పట్టు మెరుగు. ఒకటి రాళ్ళలో వేసి దొర్లించిన బూడిద రంగుది. ఒకటి యాసిడ్‌లో ముంచి మసకబార్చింది. చివరిది నల్ల పూత.

బ్రిడీ నేరుగా చివరిదాని దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. "ఇదే. ఫోన్లో చూశా, అచ్చం ఇలాంటిదే."

"నల్లదా! శవం పక్కన పెట్టే కత్తిలా ఉందే" అన్నాను.

"నానమ్మా, ఇప్పుడందరూ ఇవే పెట్టుకుంటున్నారు."

"అందరూ అంటే ఎవరే? నీ ఫోన్లో ఉన్న గడ్డాల వాళ్ళా? వాళ్ళలో ఒక్కడు ఒక్క బోను ఎత్తాడేమో కనుక్కో."

ఎర్విన్ నవ్వాడు. "మీరిద్దరూ తేల్చుకోండి. ఈలోపు నేను పోయి మళ్ళీ పుట్టొస్తా."

నేను అద్దం మెరుగు ముక్క మీద చెయ్యి వేశాను. లెన్ కత్తి అలాంటిదే. మా రోజుల్లో రేవులో పెళ్ళాల మధ్య ఒక పోటీ ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం రేవుగోడ మీద కూర్చుని మొగుళ్ళ కత్తులు నూరేవాళ్ళం. ముందు గరుకు సానరాయి, తరవాత నున్నది, ఆ తరవాత తోలు పట్టీ. మా పక్కింటి డల్సీ కత్తితో కాగితం కోసి చూపిస్తే, నేను ముంజేతి మీది నూగు గొరిగి చూపించేదాన్ని. లెన్ కత్తిలో చూసుకుని లిప్‌స్టిక్ వేసుకునేదాన్ని. రేవంతటిలో దాన్ని మించిన కత్తి లేదని డల్సీ కూడా ఒప్పుకుంది, అదీ ముక్కు చిట్లించుకుని.

"ఇది కావాలి. మొన సూదిలా ఉండాలి, పిడి ఎర్రమట్టి ఎడారిలో పెరిగే చెట్టు గట్టికొయ్యది. ఒర తోలుది, పైన గుండీ ఉండాలి, జారి పడకుండా" అన్నాను.

ఎర్విన్ గడ్డం గోక్కున్నాడు. "నోలా, కొయ్యపిడి చూడ్డానికి బాగుంటుంది. తడిస్తే సబ్బుబిళ్ళ. తోలు ఉప్పునీటికి ఉబ్బుతుంది. నా మాట విను..."

"నువ్వు చెప్పినవన్నీ వినడానికి నేనేమన్నా మీ ఆవిడనా?"

"మా ఆవిడ కూడా వినదులే."

బ్రిడీ నా మొహం చూసింది. నల్లదాని మీంచి వేలు తీసేసింది. "నానమ్మకు ఏది నచ్చితే అదే చెయ్యండి, ఎర్విన్" అంది. నేను ఆ మాటకు పొంగిపోయాను. అసలు ఆగవలసింది అక్కడే. కత్తి కట్టుకునేది ఆ పిల్ల, ఆ సంగతే నేను మర్చిపోయాను.

మూడు వారాలు నిలవలేకపోయాను. రోజు విడిచి రోజు షెడ్డుకు వెళ్ళడం, "అయిందా?" అనడం. ఒకరోజు వాడు లోపలినుంచి గొళ్ళెం పెట్టేసుకున్నాడు. కిటికీలోంచి అడిగాను.

సీజనుకు అయిదు రోజులుందనగా కబురు వచ్చింది. వెళ్ళాం. ఏమి కత్తి! బల్ల మీద నీటిచుక్క పడ్డట్టు మెరుస్తోంది. వంగి చూస్తే నా మొహంలో ప్రతి ముడతా లెక్కకు వచ్చింది. బ్రిడీ "బాగుంది" అంది. నేను సంచీ తెరిచి పట్టుకున్నాను, అందులో వెయ్యమని.

"ఆగు. తడి తాడు కొయ్యకుండా ఈ షెడ్డులోంచి ఏ కత్తీ బయటికి పోదు" అన్నాడు ఎర్విన్.

"కోస్తుందయ్యా, చూడు ఎలా ఉందో!"

"చూడ్డం కాదు, కొయ్యాలి."

బ్రిడీ చేత రబ్బరు ప్యాంటు తొడిగించాడు, గుండెల దాకా వచ్చి భుజాల మీద పట్టీలుండేది, బోటు మీద అందరూ వేసుకునేదే. కత్తి దాని లోపల నడుం బెల్టుకు, లెన్ పెట్టుకున్నట్టే. చేతులకు తొడుగులు. మూల బకెట్‌లో రెండు రోజులుగా ఉప్పునీళ్ళలో నానిన తాడుంది, నాచు పట్టి జిడ్డోడుతూ. ఒక కొస ఆ పిల్ల బూటుకు కట్టాడు. రెండో కొస దూలం మీదుగా వేసి, ఇసక బస్తా వేలాడదీశాడు. బస్తా దిగింది. పిల్ల కాలు గాలిలోకి లేచింది, వీపు నేలకు తగిలింది.

"నోలా, లెక్కపెట్టు!" అని అరిచాడు.

"ఒకటి" అన్నాను. బ్రిడీ చెయ్యి నడుము దగ్గర వెతుకుతోంది. "రెండు. మూడు." కత్తి రబ్బరు ప్యాంటు లోపల ఉంది, చెయ్యి బయట ఉంది. "నాలుగు. అయిదు." పైనుంచి లోపలికి చెయ్యి దూర్చింది. గుండీ. తొడుగు వేసిన వేళ్ళకు గుండీ చిక్కలేదు. "ఆరు" అన్నాను. లెన్ బోను అడుగుకు చేరడానికి ఆరు లెక్కపెట్టేంత సేపు చాలు, మా అందరికీ తెలిసిన లెక్కే అది. ఎనిమిదికి కత్తి బయటికొచ్చింది. తాడు మీద పెట్టి లాగింది. జారింది. మళ్ళీ లాగింది. మళ్ళీ జారింది, గాజు మీద గాజు రాసినట్టు. పిడి అరచేతిలో తిరిగిపోయింది. పదమూడో అంకె దగ్గర తాడు తెగింది.

బ్రిడీ నేల మీద పడుకునే ఆయాసంగా నవ్వింది. "చచ్చిపోయాను కదా, ఎర్విన్?"

"రెండుసార్లు" అన్నాడు వాడు.

"కత్తి మొండిదేమో" అన్నాను.

ఎర్విన్ కాగితం ముక్క తీసి గాలిలోనే చీల్చి చూపించాడు. "మొండిది కాదు, మరీ నున్నన. అద్దంలా నూరితే వెంట్రుక కోస్తుంది, కాగితం కోస్తుంది. తడి తాడు మీద జారుతుంది. తాడును కొరకాలి నోలా, పళ్ళుండాలి."

ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. గరుకు రాయి, నున్న రాయి, తోలు పట్టీ. గోడ మీద కూర్చుని నేను మెరిపించిన మెరుపంతా.

"బ్రిడీ, కారులో నా కళ్ళజోడు ఉంది, పట్టుకురా" అన్నాను. కళ్ళజోడు నా మెడలోనే వేలాడుతోంది. ఆ పిల్ల దాన్ని చూసింది, నన్ను చూసింది, బయటికి నడిచింది.

"ఎర్విన్, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నిన్ను ఒక్క మాట అడగలేదు" అన్నాను.

"ఇప్పుడూ అడక్కు."

"లెన్ కత్తి తీశాడా?"

వాడు గుడ్డముక్క తీసుకుని కత్తి తుడవడం మొదలుపెట్టాడు, పొడిగా ఉన్న కత్తిని. "ప్యాంటు లోపల ఉండిపోయింది. చెయ్యి అందలేదు. తియ్యనే లేదు."

"నా వైపు తిరిగి చెప్పు."

తిరిగాడు. "తియ్యలేదు నోలా" అన్నాడు. కళ్ళు నా చెవి దగ్గరెక్కడో ఆగాయి. అరవై ఏళ్ళుగా ఎరిగిన మనిషి. అది నిజమో, నా మీద జాలో, తేల్చుకోలేకపోయాను. ఇంకోసారి అడిగితే ఇంకోలా చెబుతాడేమోనని భయం వేసింది, అడగలేదు.

బ్రిడీ తలుపు దగ్గరికి వచ్చి, "కళ్ళజోడు దొరకలేదు" అంది.

"పోనీలే. ఎర్విన్, దీన్ని అరగదియ్యి."

"నానమ్మా! ఎంత ఇష్టపడి చేయించావు!"

"నాకిష్టమైంది నీ ఒంటి మీద ఎందుకే? కట్టుకునేది నువ్వు, ఈడ్చుకుపోయేది నిన్ను. నీకేం కావాలో చెప్పు."

"నల్లది" అంది, సిగ్గుపడుతూనే.

"నల్లది తడి డెక్కు మీద పడితే పట్టపగలు కూడా దొరకదు" అన్నాడు ఎర్విన్. "పూత గీసుకుపోయిన చోట తుప్పు కూడా పట్టుకుంటుంది. బూడిద రంగు చేస్తా. గీతలు పడ్డా తెలీదు, ఎండకు కళ్ళలో కొట్టదు. పిడి మాత్రం నారింజ రంగు, గరుకు రబ్బరు."

"నారింజా! ఐస్‌క్రీం బండివాడిలా ఉంటాను!"

"ఉండు. ఐస్‌క్రీం బండివాళ్ళెవరూ మునిగిపోగా నేను వినలేదు."

బ్రిడీ పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపు కూడా కలిసే వచ్చింది, తుమ్మినట్టు నటించాను.

ఎర్విన్ ముందు మొన తీసేశాడు. చక్రం మీద పెట్టడం, నీళ్ళలో ముంచడం, మళ్ళీ పెట్టడం. ఇంత సూది మొన ఎందుకు, దొర్లి పడితే పిల్ల తొడలోనే దిగుతుంది అన్నాడు. కొస గుండ్రంగా మొద్దుబారింది. తరవాత అంచులో సగం పొడుగున రంపపు పళ్ళు కొట్టాడు. కొయ్యపిడి ఊడదీశాడు. చివరికి కత్తిని బట్టలుతికే పాత మిషను డ్రమ్ములో, గులకరాళ్ళ మధ్య పారేసి మీట నొక్కాడు. ఆ చప్పుడు! షెడ్డు రేకులన్నీ అదిరాయి. మూడు గంటల సేపు తిరిగింది. కూర్చోమని స్టూలు వేశాడు, కూర్చోలేదు. షెడ్డు చుట్టూ తిరిగాను. ఎన్నిసార్లు తిరిగానో, గోడ పక్కన గడ్డి నలిగి దారి పడింది. లోపల గడగడ వినపడినప్పుడల్లా ఆ మెరుపు పొరలు పొరలుగా ఊడిపోతున్నట్టుండేది. ఆపమని ఒకసారి తలుపు దాకా వెళ్ళాను కూడా. మళ్ళీ వెనక్కి వచ్చేశాను.

బయటికి తీస్తే పాత గరిటెలా ఉంది. మసక బూడిద, ఎక్కడా మొహం కనపడదు. దానికి నారింజ పిడి బిగించాడు. ఒర తోలుది కాదు, గట్టి ప్లాస్టిక్‌ది. దాన్ని రబ్బరు ప్యాంటు పట్టీకి, గుండెల మీద, పిడి కిందికి వచ్చేలా కుట్టాడు. గుండీ లేదు, లాగితే టక్కున ఊడుతుంది, లాగకపోతే కదలదు.

మళ్ళీ తాడు, మళ్ళీ బస్తా. "ఒకటి" అన్నాను. "రెండు" అంటుండగానే కత్తి చేతిలో ఉంది. నాలుగు అనబోతుంటే బస్తా దబ్బున నేల మీద పడి, ఇసక నా బూట్ల దాకా చిమ్మింది.

"బతికావు" అన్నాడు ఎర్విన్.

"ఇంకోసారి" అన్నాను నేను.

ఆ అయిదు రోజులూ పిల్లను కుదురుగా తిననివ్వలేదు. రొట్టె కొరుకుతుంటే "కాలు!" అని అరిచేదాన్ని, చెయ్యి గుండెల మీదికి వెళ్ళాలి. పళ్ళు తోముకుంటుంటే అరిచేదాన్ని. కెల్విన్ విసుక్కున్నాడు. "అమ్మా, దానికి నిద్రలో కూడా చెయ్యి లేస్తోంది." లేవనీ అన్నాను.

అక్టోబరు ఒకటో తారీకు తెల్లవారేసరికి రేవు నిండా బోట్లు. ఒక్కొక్క దాని మీద బోనులు మనిషెత్తున పేర్చి ఉన్నాయి, వాటి మీద తాడు చుట్టలు. నా చూపు చుట్టల మీదే ఉంది. బ్రిడీ బోటు వెనక భాగంలో నిలబడింది. గుండెల మీద నారింజ పిడి, ఇంత దూరానికి అదొక్కటే కొట్టొచ్చినట్టు కనపడుతోంది. కెల్విన్ ఇంజను వేశాడు. కట్టుతాడు విప్పారు. బోటుకూ గట్టుకూ మధ్య నీళ్ళు వెడల్పవుతున్నాయి.

"కాలు!" అని అరిచాను.

పిల్ల తల తిప్పలేదు. కట్టుతాడు చుడుతూనే ఉంది, ఒక చెయ్యి దానంతటది పిడి మీదికి వెళ్ళింది.

పక్క బోటు మీది మగాళ్ళు నవ్వారు. "నోలా, మా కాళ్ళు కూడా చూడవే!" అని ఒకడు కేక వేశాడు.

"నీవి కొట్టుకుపోయినా ఎవరూ వెతకరు!" అన్నాను. మళ్ళీ బోటు వైపు తిరిగి, "ఇంకోసారి!" అని అరిచాను. ఇంజను మోతలో వినపడిందో లేదో తెలియదు. బోటు రేవుగోడ దాటి మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉన్నాను.