అట్టముక్క మీద సుక్క

పాతబస్తీ గౌలిపురలో ఆగమ్మకు నాలుగు బర్రెలున్నాయి. వాటిలో నుదుట తెల్లమచ్చ ఉన్నదాని పేరు సుక్క. భర్త పోయాక ఈ పదకొండేళ్లుగా ఆ పాలే ఆమెకూ కూతురు అమలకూ ఆధారం. శాలిబండలో ఆమె పాలు పోసే ఇళ్లలో రాజరాజేశ్వరిది ఒకటి. ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఆమె కూతురు మైథిలి బొమ్మల కాలేజీలో చదువుతోంది. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడే వయసు నుంచీ ఆగమ్మను "పిన్నీ" అనే పిలిచేది.

2008 వేసవిలో మైథిలి ల్యాప్‌టాప్, చిన్న కెమెరా పట్టుకుని కొట్టానికి వచ్చింది. నల్లటి చదరం అచ్చేసిన అట్టముక్క ఒకటి ఆగమ్మ అరచేతిలో పెట్టి కెమెరా అటు తిప్పింది. తెర మీద ఆగమ్మ చెయ్యి కనిపించింది. ఆ అట్ట మీద జానెడు వేపచెట్టు నిలబడి ఉంది. చెయ్యి తిప్పితే చెట్టూ తిరిగింది. ఆగమ్మ ఉలిక్కిపడి తన చెయ్యి చూసుకుంది. అట్టముక్క తప్ప ఏమీ లేదు.

"అరె, ఏందిది బిడ్డా! మంత్రమా?"

"కంప్యూటర్ చేసే పని పిన్నీ. ఇలాగే మన సుక్కను నిలబెడతాను. కొట్టాలు ఊరి బయటికి పంపెయ్యాలంటున్నారు కదా. బర్రెను ఇలా అరచేతిలో చూసినవాళ్లు ఇంకా ఆ మాట అంటారా?"

కొట్టాలు తీయిస్తారన్న మాట బస్తీలో ఏడాదిగా తిరుగుతోంది. ఆగమ్మకు ఆ బెంగతో నిద్ర సరిగా పట్టడం లేదు. అందుకే సరేనంది.

నాలుగు రోజులు సుక్కను ఎండలో నిలబెట్టారు. ఆగమ్మ మెడ మీద చెయ్యి వేసి ఉంచితే తప్ప అది కదలకుండా ఉండేది కాదు. మైథిలి చుట్టూ తిరిగి వందల ఫొటోలు తీసింది. చివరి రోజు ఆగమ్మ గొంతు రికార్డు చేసుకుంది. నీళ్లకు వదిలిన బర్రెలను వెనక్కి పిలిచే కేక అది, అత్త దగ్గర నేర్చుకున్నది. సరిగా వచ్చేదాకా ఇరవైసార్లు పిలిపించింది. సాయంత్రానికి ఆగమ్మకు గొంతు బొంగురుపోయింది.

డిసెంబరులో బంజారాహిల్స్‌లో ప్రదర్శన. "మీరు రాకపోతే నేను రిబ్బన్ కట్ చేయించను" అంది మైథిలి. ఆగమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, అమలను తోడు తీసుకుని రెండు బస్సులు మారి వెళ్లింది.

హాలులో గోడంత తెర. జనం అట్టముక్కలు పట్టుకుని నిలబడితే ఒక్కొక్కరి చేతిలో సుక్క. నుదుట తెల్లమచ్చతో సహా దించింది మైథిలి. పైనుంచి ఆగమ్మ గొంతు వినిపిస్తోంది. ఆమెకు నవ్వాగలేదు.

"సూసినవానే! మన సుక్కనే!"

అమల అప్పటికే గోడమీది పలక చదువుతోంది.

"ఏం రాసిండ్రే?"

"గౌలిపురల ఆఖరి బర్రె రెండేండ్ల కింద పోయిందంట. వాటిని పిలిచిన ఆఖరి మనిషి గొంతంట ఇది. ఆమె కూడా ఇప్పుడు లేదంట."

"ఎవరు లేరు?"

"నువ్వేనమ్మా."

అప్పుడే మైథిలి నలుగురు అతిథులతో అటు వచ్చింది. వాళ్లలో ఒక పెద్దావిడ ఆగమ్మను చూసి "ఈవిడెవరు?" అని అడిగింది. మైథిలి ఒకసారి పలక వైపు చూసింది.

"మా ఇంట్లో పనిచేస్తారండి. చూద్దామని వచ్చారు."

అతిథులు ముందుకు నడిచారు. ఆగమ్మ మైథిలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"పొద్దుగాల పాలు పిండి వచ్చిన. నన్ను సచ్చిపోయిందని రాస్తవా?"

"మెల్లగా పిన్నీ. లేదంటేనే వీళ్లకు బాధనిపిస్తుంది. ఉందంటే ఎవరు చూస్తారు?"

"ఉన్నదాన్ని ఉంచెతందుకే జేస్తున్నన్నవ్ గద. నా గొంతు తీసెయ్."

"రేపు తీసేస్తాను. ప్రామిస్."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆగమ్మకు చావు రాత కన్నా ఆ "మా ఇంట్లో పనిచేస్తారు" అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. అంత తొందరగా ఎలా అనగలిగిందో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంటికి పాలు పోయలేదు. మూడో రోజు రాజరాజేశ్వరి స్వయంగా కొట్టానికి వచ్చింది.

"ఏమైంది ఆగమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"గౌలిపురల బర్రెలే లేవంట అమ్మా. పాలు యాడికెల్లి తేవాలె?"

జరిగిందంతా అమల చెప్పింది. రాజరాజేశ్వరికి ఇదేమీ తెలియదు. ముఖం ఎర్రబడి, తల వంచుకుని వెళ్లిపోయింది. సాయంత్రం మైథిలిని పంపింది.

"పిన్నీ, ప్రదర్శన ఢిల్లీకి సెలెక్టయింది. వాళ్లకు అందరికంటే నచ్చింది మీ గొంతే. అది తీసేస్తే ఏమీ మిగలదు" అంది మైథిలి గుమ్మం దగ్గరే నిలబడి.

"బర్రెనడిగినవ్, ఎండల నిలబెట్టిన. గొంతడిగినవ్, ఇచ్చిన. నేను బతికున్ననని ఒక్క ముచ్చట జెప్పుమంటే నీకు నోరు రాలే."

"పిన్నీ..."

"గట్ల పిలవకు. ఇంట్ల పనిచేసేదాన్ని ఎవలన్న పిన్నీ అంటరా?"

మైథిలి వెనుదిరిగి వెళ్లిపోయింది. సంక్రాంతి లోపే ఆ ప్రదర్శన ఢిల్లీ చేరింది, గొంతుతో సహా. ఆ ఇంటి పాలు ఆగమ్మ హుస్సేనీ ఆలంలో ఒక చాయ్ హోటలుకు పోయడం మొదలుపెట్టింది. అమల ఊరుకోలేక ఢిల్లీ హాలు వాళ్లకు ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. మా అమ్మ బతికే ఉంది, బర్రెలూ ఉన్నాయి, వచ్చి చూడండి అని. కింద ఆగమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసింది. రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. అందినట్టు రసీదు తిరిగొచ్చింది. జవాబు మాత్రం రాలేదు.