బయల్దేరే ముందు కాసేపు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పబ్లిక్ టీవీ చానల్ రష్యన్ భాషలో నడిచేది. చుట్టుపక్కల ఊళ్లలోని రష్యన్ మాట్లాడే పెద్దవాళ్లకి అదే కాలక్షేపం. రష్యన్ ముక్క కూడా రాని నేను అక్కడ కంట్రోల్ రూమ్‌లో పని చేసేదాన్ని. రోజూ సాయంత్రం వార్తలు చదివేది రయీసా. డెబ్బై దాటినా లిప్‌స్టిక్ లేకుండా కెమెరా ముందుకి వచ్చేది కాదు. ఆవిడంటే నాకు ప్రాణం.

ఆవిడ భర్త లెవ్ మతిమరుపు జబ్బుతో ఓల్డేజ్ హోమ్‌లో ఉన్నాడు. రయీసా ఎదురుగా వెళ్లి నిలబడితే ఎవరో పరాయి మనిషి అనుకుంటాడు. టీవీలో కనబడితే మాత్రం మా ఆవిడ అంటూ పక్కవాళ్లకి చూపిస్తాడు. అందుకే రయీసా సెలవన్నది ఎరగదు. ఆ చానల్ ఆగిపోతే ఆయనకిక భార్య లేనట్టే.

నిధులు రావడం లేదని అలాంటి చానల్‌ని మూసేశారు. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన పెద్దమనుషులు ఎంతో బాధపడుతున్నట్టు మొహాలు పెట్టి, డోనట్లు తిని వెళ్లారు. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరి రోజు రయీసా నాతో ఇంగ్లీషులో అంది, "వార్తలయ్యాక నేను కాసేపు ఏమీ మాట్లాడను. కట్ చెయ్యకు."

"మాట ఆగితే మెషీన్ ఊరుకోదు. దానంతటదే ఏదో ఒక ప్రకటన వేసేస్తుంది," అన్నాను.

"అయితే ఆ మెషీన్ ఆపెయ్. దూర ప్రయాణానికి ముందు మేం ఇంటిల్లిపాదీ కాసేపు మాట్లాడకుండా కూర్చుంటాం. మా ఆనవాయితీ అది. ఇవాళ చూసేవాళ్లందరితో అలా కూర్చోవాలని ఉంది. వెళ్లొస్తానని చెప్పడం నా వల్ల కాదు."

మా ఇంట్లో అయితే బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కూర్చుని మంచినీళ్లు తాగుతాం. వీళ్లు తుమ్ము లేకుండానే కూర్చుంటారన్నమాట. మెషీన్ ఆపేశాను. వార్తలయ్యాక ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కెమెరా వైపే చూస్తూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు.

లైట్లు ఆర్పుతుంటే అవని ఫోన్ చేసింది. మా స్నేహితుల అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది. లెవ్ ఉండే హోమ్‌లో నర్సు.

"ఆంటీ, లెవ్ అంకుల్ టీవీ చూసి సడన్‌గా లేచాడు. కోట్ వేసుకుని డోర్ దగ్గర నిల్చున్నాడు. రూమ్‌కి రమ్మంటే రావట్లేదు. రయీసా ఆంటీని తీస్కొస్తారా?"

నా కార్‌లోనే తీసుకెళ్లాను. దారిలో రయీసా అద్దం తీసి మళ్లీ లిప్‌స్టిక్ వేసుకుంది. ఇవాళ గుర్తుపడతాడేమోనని నాకూ ఆశ పుట్టింది.

లెవ్ టోపీతో సహా తయారై తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రయీసా చెయ్యి పట్టుకోబోతే మర్యాదగా వెనక్కి తీసుకుని రష్యన్‌లో ఏదో అన్నాడు. ఆవిడే మాకు ఇంగ్లీషులో చెప్పింది, "క్షమించండి, మా ఆవిడ వస్తుంది. కూర్చోవడం అయిపోయింది, ఇక బయల్దేరాలి, అంటున్నాడు."

ఆయనకి కాళ్లు నొప్పి పుట్టాయేమో, కాసేపటికి అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు. జరిగి ఆవిడకీ చోటిచ్చి ఏదో అడిగాడు. ఆవిడ జవాబు చెప్పింది.

"వాట్ డిడ్ హీ సే?" అంది అవని.

"మీరూ ఎవరి కోసమైనా చూస్తున్నారా అన్నాడు," అంది రయీసా, ఆయన పక్కన కూర్చుంటూ. "మా ఆయన కోసం అన్నాను."